నిప్పు రంధ్రం లేని పిస్తోలు

చుపాన్ రాలేదు కాబట్టి సకీనత్ చచ్చిపోయింది.

రబదాన్‌కి ఇందులో అనుమానమేమీ లేదు. మూడేళ్ళ కిందటే తేలిపోయిన సంగతి అది. దాన్ని ఎవరితోనూ అనలేదు. అనడానికి ఏముంది? ఆ ఏడు చలికాలం ముందు అతను సముద్రం ఒడ్డున దెర్బెంత్ బజారులో బండి చక్రం కింద కాలు పెట్టి ఎముక విరగ్గొట్టుకున్నాడు. పడుకున్న చోటికి కబురొచ్చింది, ఇంటి దగ్గర భార్యకు కడుపులో గడ్డ లేచిందని. ఎగువ లోయలో ఉండే చుపాన్‌కి, ఇరవై ఏళ్ళ స్నేహితుడికి, ఉప్పు వర్తకుడి చేత చెప్పి పంపాడు: కనుమ మంచుతో మూసుకుపోయేలోగా నా భార్యను కుముఖ్‌లో హకీము దగ్గరికి చేర్చు. తరవాత కర్ర పట్టుకుని కుంటుకుంటూ తన ఊరు ఖర్బుక్ చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయి ఉంది. "నీ మాట ప్రకారం ఇల్లు కాచాను నాయనా. ఎవరూ గడప దాటలేదు" అంది తల్లి ఖదీజత్. అంతే. అతను ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆ చుపానే నిన్న సాయంత్రం గుమ్మం ముందు గుర్రం దిగాడు.

దిగినవాణ్ణి పొమ్మనలేడు. గుమ్మంలోకొచ్చినవాడు ఎవడైనా అతిథే. రబదాన్ గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు, అతిథి నడుముకున్న పిస్తోలూ బాకూ తీసుకుని కొయ్యకు తగిలించాడు. తల్లి వెల్లుల్లి నూరి, ఎండబెట్టిన గొర్రె మాంసంతో ఖింకల్ పిండి ముద్దలు వండి పళ్ళెం తెచ్చి, చుపాన్ మొహం చూడకుండా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మగవాళ్ళిద్దరూ మాట లేకుండా తిన్నారు. మూడు రోజులు గడిచేదాకా వచ్చిన పనేమిటని అతిథిని అడక్కూడదు. రబదాన్ అడగలేదు. పక్క వేయించి, "పడుకోండి" అన్నాడు.

తెల్లవారాక చుపాన్ కొలిమిలోకి వచ్చాడు. ఇంటి కింది గదే అతను పిస్తోళ్ళు చేసే కొలిమి. పొడుగాటి మనిషి, తల వంచి గుమ్మం దాటాడు. గడ్డం పూర్తిగా నెరిసింది.

"నిద్ర పట్టిందా మీకు?" అన్నాడు రబదాన్, తిత్తి తొక్కుతూ.

"నువ్వు నన్ను 'మీరు' అంటుంటే ఎలా పడుతుంది? పక్కలో మా మామగారు పడుకున్నట్టుంది."

రబదాన్ నవ్వలేదు. ఇరవై ఏళ్ళు వాళ్ళిద్దరూ 'ఒరే' అనే పిల్చుకున్నారు.

చుపాన్ ఇనుము కొట్టే దాగలి పక్కన మొద్దు మీద కూర్చున్నాడు. "మూడు రోజులు ఆగే తీరిక నాకు లేదురా. మర్యాద పక్కన పెట్టి నేనే చెప్పేస్తాను. మా అన్న కొడుకు పచ్చిక బయలు దగ్గర తగువులో ఒకణ్ణి పొడిచేశాడు. పొడిచి, సరిహద్దు దాటి పారిపోయాడు. చచ్చినవాడికి ఇద్దరన్నదమ్ములు. నెత్తురు బాకీ ఇంటిపెద్ద మీద పడింది. ఇంటిపెద్దను నేను."

"గడువెంత?"

"పెద్దలు కూర్చుని ఈ శుక్రవారం మధ్యాహ్నం నమాజు దాకా ఇప్పించారు."

"శుక్రవారం ఇవాళే."

"నాకు తెలుసు. వారాలు మీ ఊళ్ళో ఒకలా మా ఊళ్ళో ఒకలా ఉండవు."

రబదాన్ తిత్తి ఆపాడు. "ఇక్కడ ఉండిపోండి. నా కప్పు కింద ఉన్నంతకాలం మిమ్మల్నెవడూ ముట్టుకోలేడు."

"నేను దొరక్కపోతే మా చిన్నాడి మీదికి పోతారు. వాడికి పదిహేడు." చుపాన్ అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "ఎదురుపడి తేల్చుకోవడమే. ఆ అన్నదమ్ములు కింద వంతెన అవతల కూర్చున్నారు. నిన్న నేను దాటుతుంటే చూశారు. సలాము కూడా చెప్పారు. మంచి పిల్లలే."

రబదాన్ కొలిమిలో బొగ్గులు కెలికాడు.

"నాకు రెండో పిస్తోలు చేసిస్తానన్నావు" అన్నాడు చుపాన్. "మొదటిది ఇచ్చిన రోజున. గడ్డాలు నెరిసేసరికి దానికి జత చేస్తానన్నావు. ఇదిగో, నెరిసింది. అయిందా అది?"

రబదాన్ గోడ దగ్గరికి వెళ్ళి కంబళి చుట్ట దించి దాగలి మీద పెట్టి విప్పాడు.

ఆ పిస్తోలు అతను చేసినవాటన్నిటిలోకీ మంచిది. ఈ మాట ఎవరైనా అంటే ఒప్పుకోడు గాని అతనికి తెలుసు. గొట్టానికి పాత గుర్రపు నాడాల ఇనుము తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి రాళ్ళ మీద దెబ్బలు తిన్న ఇనుము. దాన్ని పట్టీగా సాగదీసి, కడ్డీ చుట్టూ తాడులా చుట్టి, పదకొండు సార్లు కాల్చి అతికించాడు. అతుకు ఎక్కడుందో ఇప్పుడు తనకే కనబడదు. అక్రోటు కర్ర పిడి కన్నెపిల్ల మణికట్టంత సన్నం. దాని కొసన కొండమేక కొమ్ముతో చేసిన గుండ్రటి బుడిపె. మీట చుట్టూ కాపు లేదు, దట్టించే కడ్డీకి పిస్తోలులో చోటు లేదు. ఆ కడ్డీ ఎప్పుడూ వాడేవాడి మెడలోనే వేలాడాలి. వెండి పట్టీలు కుబాచి ఊరి పనివాళ్ళవి. ఆ కర్రకు అవిసె నూనె పట్టించింది సకీనత్. ఏడు రోజులు, రోజుకోసారి, అరచేత్తో. తరవాతి శీతాకాలానికి ఆమె లేదు.

ఆమె పోయాక కూడా అతను పని ఆపలేదు. చేస్తానన్నది చెయ్యకపోతే పనివాడు కాడు. నిప్పు రాల్చే తాళం చేశాడు, చెకుముకి రాయి బిగించే గుర్రానికి కమాను ముమ్మారు మార్చాడు, వెండి తెప్పించాడు. తిట్టుకుంటూనే చేశాడు.

చుపాన్ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. బరువు చూశాడు. పిస్తోలు గుర్రాన్ని వెనక్కి లాగి వదిలాడు. నిప్పురవ్వలు మందు గిన్నెలో రాలాయి. "ఒరే" అన్నాడు. మూత ఎత్తి గిన్నెలోకి చూశాడు. వేలితో తడిమాడు. వెలుతురుకి తిప్పి మళ్ళీ చూశాడు.

"దీనికి రంధ్రం లేదే."

"లేదు."

"గిన్నెలో నిప్పు గొట్టంలోకి ఎలా పోతుందిరా?"

"పోదు."

"మరిచిపోయావా?"

"మరవలేదు." రబదాన్ గొంతు పెరగలేదు. "మీకు పిస్తోలు చేసిస్తానన్నాను. చేశాను. తీసుకెళ్ళండి. పేలేది చేస్తానని అనలేదు."

చుపాన్ అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తరవాత చిన్నగా నవ్వాడు.

"వంతెన దగ్గర ఇద్దరే అనుకున్నాను. మూడోవాడు ఇక్కడున్నాడన్నమాట."

"మీ పాతది మీకుందిగా."

"అది పేలదు."

ఆ మాట రబదాన్‌కి చెంపదెబ్బలా తగిలింది. భార్య పోయినా, కాలు వంకరగా అతుక్కున్నా, అతని పనిని ఇంతవరకు ఎవడూ వేలెత్తి చూపలేదు. "నేను చేసింది పేలకపోవడమేమిటి?" అంటూ మెట్లెక్కి పోయి, కొయ్యకున్న పిస్తోలు దించి తెచ్చాడు. రాయి చూశాడు; కొత్తదే, అంచు పదునుగా ఉంది. కమాను చూశాడు, బిగువుగా ఉంది. గొట్టం మూతి తుడిచి, చుపాన్ మెడలోని కడ్డీ అడిగి తీసుకుని లోపలికి జార్చాడు.

ఆ కడ్డీ మీద అతను పెట్టిన గీత ఒకటుంది. గొట్టం ఖాళీగా ఉంటే గీత సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. ఇప్పుడు గీత వేలున్నర పైనే ఆగిపోయింది.

"ఇందులో మందుంది."

"ఉంది."

"ఎన్నాళ్ళయింది దట్టించి?"

చుపాన్ కొలిమి నిప్పు వైపు మొహం తిప్పుకున్నాడు.

"మందు నెమ్మెక్కి ముద్దయిపోయుంటుంది. అందుకే పేలదు. గుండు లాగి పారేసి కొత్తది వేసుకోవడం కూడా తెలియదా మీ ఊళ్ళో?"

"లాగొద్దు."

"ఏం?"

"లాగొద్దన్నాను రా రబదానూ. అలా ఉండనీ."

రబదాన్ వినలేదు. కడ్డీ కొసకు మర కొంకి బిగించి లోపలికి దించి తిప్పాడు. కొంకి సీసంలో కొరికింది. పిస్తోలును మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని లాగాడు. గుండు మెల్లగా, చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. దాని చుట్టూ గుడ్డ ముక్క. వెనక నల్లటి మందు గడ్డలు దాగలి మీద రాలాయి.

గొర్రె కొవ్వు పట్టి గుడ్డ పచ్చగా అయింది, అడుగు మసిబారింది. గుండు పక్కన పెట్టి అతను గుడ్డను వేళ్ళతో విప్పాడు. తలగుడ్డ అంచు. ఒకప్పుడు తెలుపు. దాని మీద పసుపు దారంతో కుట్టు. ఖర్బుక్ ఆడవాళ్ళందరూ వేసే కుట్టే అది. కాని అందరి కుట్టూ కుడివైపుకి వాలుతుంది. ఇది ఎడమకు వాలింది.

ఊళ్ళో ఎడంచేతి వాటం మనిషి ఒక్కతే ఉండేది.

రబదాన్ ఆ గుడ్డను దాగలి మీద పెట్టి, మడత లేకుండా బొటనవేలితో రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. బయట కోడి ఒకటి కూసి ఊరుకుంది.

"వచ్చావన్నమాట" అన్నాడు చివరికి. 'మీరు' పోయింది. అతను గమనించలేదు.

"వచ్చాను."

"ఎప్పుడు?"

"ఉప్పు వర్తకుడు చెప్పిన రాత్రే బయల్దేరాను. దారిలో తోడేలు గుర్రం మీదికి దూకబోతే దట్టించి ఉన్నది దానిమీద పేల్చేశాను. మీ వాకిట్లోకి వచ్చేసరికి పిస్తోలు ఖాళీ. మందుంది, గుండుంది, చుట్టడానికి గుడ్డ లేదు. అప్పటికి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. బయల్దేరదామంది. ఖాళీ పిస్తోలుతో ఆడమనిషిని కొండ దాటిస్తావా, సిగ్గులేదా అంది. తలగుడ్డ అంచు పళ్ళతో కొరికి చింపి ఇచ్చింది. ఆమె ఎదుటే దట్టించాను."

"మరి?"

"మరి మీ అమ్మ వచ్చింది."

రబదాన్ చేతులు ఆగిపోయాయి.

"తప్పుగా మాట్లాడలేదు ఆవిడ" అన్నాడు చుపాన్. "కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది. నీ కొడుకు పంపాడమ్మా అన్నాను. అయితే ఆనవాలు ఏదీ అంది. లేదన్నాను. ఆనవాలు లేకుండా ఇంటి ఆడదాన్ని ఎవరితోనూ పంపొద్దని నా కొడుకు నాతో ఒట్టు వేయించుకుని పోయాడు, నువ్వెంత మంచివాడివైనా పంపలేను నాయనా అంది. కోడల్ని లోపలికి పంపి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆ ముసలావిణ్ణి తోసుకుని లోపలికి పొమ్మంటావా?"

ఒట్టు నిజమే. ఆ ఏడు కొండల్లో ఆడవాళ్ళను ఎత్తుకుపోతున్నారని పుకారు. దెర్బెంత్ బయల్దేరే పొద్దున రబదాన్ తన ముద్ర ఉలి తీసి తల్లికి చూపించాడు. గొట్టాల మీద తన గుర్తు కొట్టే చిన్న ఉక్కు ఉలి. "ఇది తెచ్చినవాడు నేను పంపినవాడు. తేనివాడు ఎవడైనా సరే, కదలనివ్వకు" అన్నాడు. తల్లి కళ్ళకద్దుకుని ఒట్టు వేసింది.

దెర్బెంత్‌లో కాలు కట్టించుకుని పడుకున్నప్పుడు ఆ ఉలి అతని జేబులోనే ఉంది.

"నీకు పంపుదామనుకున్నాను" అన్నాడు. "చేతిలోకి తీశాను కూడా. ఉప్పువాడు చెయ్యి చాపాడు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. నీకు ఆనవాలు పంపడమేమిటి? అన్నదమ్ముడిలాంటివాడికి? నిన్ను నమ్మలేదన్నట్టు కాదూ?"

"అవును" అన్నాడు చుపాన్. "పంపి ఉంటే నాకు కోపం వచ్చేది."

"అమ్మతో చెప్పింది కూడా నాకు జ్ఞాపకం రాలేదు. నువ్వు వేరు. నిన్ను ఆపుతారని తోచలేదు."

"నాకూ తోచలేదు. నన్ను ఆనవాలు అడిగితే నేనూ మొహం ముడుచుకున్నాను. ఇంకో గంట బతిమాలి ఉంటే ఒప్పుకునేదేమో. బతిమాలలేదు. ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో తిన్నాను, నన్ను అడుగుతారా అనుకున్నాను. గుర్రమెక్కేశాను. పొద్దున్నే మళ్ళీ వద్దామనుకున్నాను. ఆ రాత్రే మంచు పడి కుముఖ్ కనుమ మూసుకుపోయింది."

"మూడేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎందుకు అడగలేదు?"

"ఆమె పోయిన నలభయ్యో రోజు వచ్చి మూడు రోజులు నా ఇంట్లో కూర్చున్నావు. అతిథిని ఎలా అడుగుతాను?"

"అడగనప్పుడు ఎలా చెబుతాను? చెబితే ఏం చేసేవాడివి? పైన ఉన్న ఆవిడకు ఎనభై ఏళ్ళు. ఆవిడతో కలిసి ఒక్క ముద్ద తినేవాడివా? నన్ను తిట్టుకుంటే నాకేం పోయింది? నేను రెండు లోయల అవతల ఉంటాను. నాకు వినబడదు."

"పిస్తోలు ఎందుకు పేల్చలేదు?"

చుపాన్ దాగలి మీది గుడ్డ వైపు చూసి తల తిప్పుకున్నాడు. "ఆమెను దాటించడానికి దట్టించింది. ఇంకోదానికి పేల్చబుద్ధి కాలేదు. రెండుసార్లు దొంగలు అడ్డం పడ్డారు. తీశాను, వేలు మీట మీద పెట్టాను, వేలు కదల్లేదు. వాళ్ళే భయపడి పోయారు. మూడేళ్ళు నడుముకు కర్రముక్క కట్టుకుని తిరిగినట్టే." తరవాత అన్నాడు: "ఒక్కటి మాత్రం వినరా. నన్ను నువ్వే పంపావని మీ అమ్మకు తెలియకూడదు. నా మాట నమ్మలేదు, నేను నా అంతట వచ్చాననే ఆవిడ అనుకుంటోంది. అలాగే అనుకోనీ."

"అంటే నువ్వు పరాయివాడి పెళ్ళాం కోసం అబద్ధమాడి వచ్చావనుకుంటోంది."

"అనుకుంటే అనుకోనీ. నీకు తెలుసుగా."

రబదాన్ కొత్త పిస్తోలు తీసి, గొట్టం విప్పి, కర్ర దిమ్మలో బిగించాడు. ఇనుము తొలిచే సన్నటి బరమా ఏరాడు. విల్లు తాడు దానికి చుట్టి కొలత చూశాడు. రంధ్రం గిన్నె అడుగుకు సరిగ్గా సమంగా ఉండాలి. పైకి పోతే రవ్వ అందదు, కిందికి పోతే మందు కింద పూడిపోతుంది. గొట్టం వెనక బిరడాకు గోధుమ గింజంత ఎడం ఉండాలి. మూడేళ్ళుగా ఆ చోటు అతని కళ్ళకు కడుతూనే ఉంది. గుర్తు కూడా పెట్టలేదు. విల్లు లాగాడు. బరమా కూసింది. నూనె చుక్క వేసి మళ్ళీ లాగాడు. సన్నటి ఇనుప పొట్టు పైకి లేచింది. ఇంతలో చేతికి ఖాళీ తగిలింది. రంధ్రం పడింది.

"ఇంత చిన్న పనా?" అన్నాడు చుపాన్.

"ఇంత చిన్నదే."

చేసినవాడే మొదటిసారి పేల్చాలి. అది ఖర్బుక్ పద్ధతి. రెండింతలు మందు పోసి, రెండు గుండ్లు వేసి, చెయ్యి చాచి పేల్చాలి. గొట్టం పగిలితే పోయేది చేసినవాడి చెయ్యే.

"ఆ చెయ్యి పోతే నాకు మూడోది ఎవడు చేస్తాడ్రా?" అన్నాడు చుపాన్ వెనకనుంచి.

"మూడోది కావాలా నీకు?"

"ఆశకేం పోయింది?"

పెరట్లో కొండకేసి పేల్చాడు. చప్పుడు లోయ అడుగుదాకా దొర్లి తిరిగొచ్చింది. లోతైన చప్పుడు, మూసిన గదిలో బల్ల మీద పిడికిలి గుద్దినట్టు. తను చేసిన గొట్టాలన్నిటికీ అదే గొంతు. ఎక్కడ విన్నా గుర్తుపడతాడు. చేతిలో గొట్టం వేడెక్కింది. ఎక్కడా వెంట్రుకంత చీలిక లేదు.

లోపలికొచ్చి, జేబులోంచి ముద్ర ఉలి తీశాడు. వేలంత ఉక్కు ముక్క. ఇద్దరూ దాన్ని చూశారు. రబదాన్ గొట్టం మొదట్లో దాన్ని నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు.

గొట్టం తుడిచి, బిగించి, కొత్త మందు కొలిచి పోశాడు. పాత గుండే తీసుకున్నాడు; సకీనత్ చూస్తుండగా దట్టించిన గుండు. దానికి దాగలి మీది గుడ్డ ముక్కే చుట్టాడు. అంతకంటే ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు. మూడేళ్ళ తిట్లకు బదులుగా ఇస్తున్నాడు, మాటతో చెప్పలేక.

చుపాన్ చెయ్యి కొంచెం లేచింది. ఏదో అనబోయాడు. రబదాన్ మొహం చూసి చెయ్యి దించేసుకున్నాడు.

కడ్డీ గీత సరిగ్గా వేలున్నర పైన ఆగింది.

"వాళ్ళ దగ్గర ఏముంది?" అని అడిగాడు రబదాన్, పిస్తోలు గుర్రాన్ని వదులు చేసి చేతికిస్తూ.

"కోట దగ్గర బజార్లో కొన్నారట. ఆరు గుండ్లది. గిర్రున తిరుగుతుందిట."

"ఆరు."

"నాకొక్కటి చాలు. వాళ్ళకి గురి లేదంటున్నారు, అందుకే ఆరు." పిస్తోలు నడుముకు దోపుకుని, తల వంచి గుమ్మం దాటి, వాకిట్లో ఆగాడు. "ఒరే, మీ అమ్మ ఖింకల్ ఇంకా చెప్పు అట్టలాగే చేస్తోంది. ఇరవై ఏళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను. మర్యాదకి చెప్పలేదు."

"వెళ్ళరా."

వెళ్ళాడు.

రబదాన్ ఇంటి కప్పు మీదికి ఎక్కాడు. లోయ నిండా పొగమంచు. వంతెన లేదు, నది లేదు, దారి మొదటి మలుపు దాకానే కనబడుతోంది. గుర్రపు గిట్టలు కాసేపు వినబడి ఆగిపోయాయి. మసీదు మీదనుంచి నమాజు పిలుపు లేచింది. పిలుపు అయిపోయింది.

చప్పుడు వినబడింది. టక్కున, పొడిగా, ఎండుకొమ్మ విరిగినట్టు.

తన గొట్టం కాదు.

రెండో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టాడు. ఆ గొట్టం పేలుతుంది. తన చేత్తో పేల్చి చూశాడు. రాయి కొత్తది, మందు పొడిది, రంధ్రం గోధుమ గింజంత ఎడంలో ఉంది. మీట మీద వేలు కదిలితే చాలు.

మళ్ళీ టక్కున. మళ్ళీ అదే.

అప్పుడు తెలిసింది రబదాన్‌కి. పేల్చలేనివాడి పిస్తోలులో ఆ గుడ్డే మళ్ళీ పెట్టి పంపాడు. లేచి దిగిన చుపాన్ చెయ్యి ఇప్పుడు కళ్ళకు కట్టింది. వేరే గుడ్డ పెట్టరా అనడానికి వాడికి నోరు రాలేదు. ఇచ్చినదాన్ని వద్దనలేక ఊరుకున్నాడు.

మూడోసారి. తరవాత లోయలో నీళ్ళ మోత తప్ప ఏమీ లేదు.

వెనక నిచ్చెన కిరకిరలాడింది. ఖదీజత్ నడుం వంచుకుని కప్పు మీదికి వచ్చింది. ఏడాదిగా ఆవిడ నిచ్చెన ఎక్కలేదు.

"పొద్దున కింద మాట్లాడుకున్నారు మీరు" అంది. "చెవులు సరిగా వినబడవు. నీ గొంతు మాత్రం తెలిసింది. వాణ్ణి 'వెళ్ళరా' అన్నావు."

అతను తిరగలేదు.

"ఆ రోజు వచ్చాడురా వాడు. నువ్వు పంపావన్నాడు. ముద్ర అడిగాను, లేదన్నాడు. ఆనవాలు లేకుండా మగాడొకడు నీ పెళ్ళాం కోసం వచ్చాడని చెబితే చచ్చినదాని పేరు పాడవుతుందని నీకు చెప్పలేదు. అది లోపలనుంచి నన్ను పిలుస్తూనే ఉంది, పోనీ అత్తా, పోనీ అని. నేను గుమ్మంలోంచి లేవలేదు." ఆవిడ అతని చొక్కా అంచు పట్టుకుంది. "మూడేళ్ళుగా పక్క మీద కళ్ళు మూసుకుంటే చాలు, అదే. ఒక్క మాట చెప్పు నాయనా. వాణ్ణి నువ్వే పంపావా?"

అవునంటే, కోడల్ని తన చేతులతోనే చంపుకున్నట్టు ఈ ఎనభై ఏళ్ళ మనిషికి తెలిసిపోతుంది. కాదంటే, చుపాన్ అబద్ధీకుడు, పరాయి ఇంటి ఆడదాని కోసం వచ్చినవాడు. అక్కడ పొగమంచులో వాడు ఇప్పుడు ఎలా ఉన్నాడో, ఉన్నాడో లేదో.

కింద దారిలో గిట్టల చప్పుడు మొదలైంది. గుర్రం ఒక్కటే. ఊరివైపుకి, పైకి వస్తోంది. నడిపేవాడు లేనట్టు ఆగుతూ, మళ్ళీ కదులుతూ వస్తోంది. దాని మీద మనిషి ఉన్నాడో లేదో మలుపు తిరిగితే గాని తెలియదు.

"చెప్పరా" అంది తల్లి.

రబదాన్ చొక్కా అంచు ఆవిడ వేళ్ళలోంచి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆ రోజు సంగతి నన్ను అడక్కమ్మా" అన్నాడు, మలుపు మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "ఇవాళ కాదు, రేపు కాదు. నువ్వు చచ్చేటప్పుడు అడిగినా చెప్పను. నేను చచ్చేదాకా దాని గురించి మాట్లాడను."